నలభై మూడు వంకలు

సర్కారుకు మంచి ఆలోచన రాదని చాలామంది అంటారు. వస్తుంది. ఎటొచ్చీ ఆ ఆలోచన ఊళ్ళోకి దిగేసరికి దాని వేషం మారిపోతుంది. సుద్దబండలో జరిగింది అదే.

రోజుకో కొత్త యాప్ వస్తోంది. వచ్చిన మర్నాటి నుంచి జనం ఆఫీసుల ముందు బారులు తీరుతున్నారు, ఆఫీసర్లేమో తలలు పట్టుకుంటున్నారు. జనం నెత్తిన పడ్డాక దిద్దుకోవడం కంటే, ముందుగా ఒక ఊళ్ళో ఒక రోజు రిహార్సల్ చేసి చూసుకుంటే ఏం పోయిందని పైన ఎవరో పుణ్యాత్ముడికి తోచింది. నాటకాల వాళ్ళకున్న జాగ్రత్త సర్కారుకు ఎందుకుండకూడదని ఆయన వాదన. వాదనకు వంక పెట్టేందుకేమీ లేదు. ఆ ఉత్తర్వు మెట్లు దిగి దిగి వికారాబాదులో మల్లేశ్వర్ అనే ఆఫీసరు బల్ల మీదికి వచ్చింది.

రిహార్సల్ చేయాల్సిన యాప్ పేరు చిరాయువు. పింఛను తీసుకునే ముసలివాళ్ళు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. ఇన్నాళ్ళూ పంచాయతీలో మనిషి ముందు నిలబడి కాగితం మీద వేలు పెడితే సరిపోయేది. ఇక మీదట ఫోనుకు ముఖం చూపించి రెండుసార్లు కళ్ళార్పాలి. ఫోను ఒప్పుకుంటే బతికున్నట్టు.

ఈ రిహార్సల్ జరిపించే బాధ్యత నిరోషా మీద పడింది. నిరోషాది తాండూరు. తండ్రి ఇమ్మానుయేలు బండల పాలిషు యూనిట్లో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఆ కాంట్రాక్టు నెలాఖరుతో సరి. మల్లేశ్వర్ సారు చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి. రిహార్సల్ సఫలమైతే ఒకటో తారీఖు నుంచి మండలమంతా చిరాయువే నడుస్తుందనీ, కాగితం బంద్ అవుతుందనీ, ఆమె ఉద్యోగం పొడిగించమని తానే పైకి రాస్తాననీ చెప్పాడు. విఫలమైతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. రిపోర్టులో రెండే గడులు ఉన్నాయి, సఫలం, విఫలం. ఒకదానిలో టిక్కు పెట్టి కింద నిరోషా సంతకం చేయాలి.

పెద్దేముల్ దాటాక వచ్చే సుద్దబండను ఎంచుకున్నారు. కబురు చెప్పి యాప్ ఇచ్చి రావడానికి వారం ముందు ఆమె ఆ ఊరి నవీన్‌కుమార్ షేరాటోలో వెళ్ళింది. దారిలో మాటల మీద మాటొచ్చి తన ఉద్యోగం సంగతి అతనికి చెప్పుకుంది. షేరాటోలో చెప్పిన మాట దండోరా వేయించినట్టే. ఆమె తాండూరు చేరేలోగా ఊరంతటికీ తెలిసిపోయింది, ఈ పిల్ల నౌకరీ మన చేతిలో ఉన్నదని.

అసలే తనిఖీలంటే సుద్దబండ చెయ్యి తిరిగిన ఊరు. అంగన్‌వాడీని చూడడానికి ఎవరైనా వస్తే ఆ రోజు పక్క ఊరి పిల్లలు కూడా ఇక్కడే గుడ్లు తింటారు. మొక్కలు లెక్కపెట్టే ఆఫీసరు వచ్చే ముందురోజు కొమ్మలు విరిచి గుంతల్లో నాటిన చరిత్ర ఉంది. ఇప్పుడు రిహార్సల్ అనే కొత్త మాట వినబడితే, తనిఖీకే పట్నంలో అట్లా పేరు పెట్టారు కాబోలనుకున్నారు. సర్పంచ్ జంగమ్మ నడుం బిగించింది. పనిమంతురాలని ఆమెకు పేరు, ఆ పేరు పోగొట్టుకునే మనిషి కాదు.

బుధవారం నిరోషా వెళ్ళేసరికి బడి వరండా కడిగి ముగ్గు పెట్టి ఉంది. నలభై మంది ముసలివాళ్ళు ఉతికిన బట్టలతో వరసగా కూర్చుని ఉన్నారు, ఊళ్ళో ఉన్న పింఛనువాళ్ళు వీళ్ళేనని జంగమ్మ చెప్పింది. ఐదు మంచి ఫోన్లు, పట్టుకోవడానికి ఐదుగురు చదువుకున్న కోడళ్ళు సిద్ధంగా ఉన్నారు. నవీన్‌కుమార్ ఆ పూట బేరాలు మానుకుని వరండా మెట్ల మీదే కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో నిరోషాకు తట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి ఫోను ముందు టకటకా కళ్ళార్పి పోయారు. ఒక తాత రెండుసార్లకు బదులు ఐదుసార్లు ఆర్పి, చాలా, ఇంకా కావాలా అని అడిగాడు. పన్నెండు కొట్టేసరికి నలభైకి నలభై అయిపోయాయి. నిరోషాకు పట్టరాని సంతోషమేసింది. అక్కడి నుంచే మల్లేశ్వర్ సారుకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన భేష్ అన్నాడు. జంగమ్మ ఆమెకు కోడికూరతో అన్నం పెట్టి, తాండూరు దాకా ఆటోలో ఊరికే దింపి రమ్మని నవీన్‌కుమార్‌ను పంపించింది.

తాండూరులో ఆటో ఆగింది. నవీన్‌కుమార్ చాయ్‌కి వెళ్ళాడు. నిరోషా దిగుతుంటే ఒక ముసలమ్మ మూట మోసుకుంటూ వచ్చి, జర ఈ మూట లోపల పెట్టమంది. పెట్టింది. ముసలమ్మ సీటు మీద సర్దుకుని కూర్చుని, సుద్దబండలో గా పెద్ద మేడం పోయిందా, ఇంకా ఉన్నదా అని అడిగింది. బక్కపలచగా, భుజాన సంచితో ఉన్న నిరోషాను చూసి మేడం అని ఎవరూ అనుకోరు. పోయిందవ్వా, ఎందుకడుగుతున్నావని నిరోషా అంది.

“ఆమె పొయ్యేదాంక ఊళ్ళెకు రావొద్దన్నరు బిడ్డా. చంద్రవ్వ నోరు మంచిది కాదు, ఉన్నదున్నట్టు అంటదని నన్ను మా బిడ్డింటికి తోలిండ్రు.”

తర్వాత ఆమె ఆపమన్నా ఆపేటట్టు లేదు. తనొక్కతే కాదట. ఐదు రోజుల పాటు ఊళ్ళో పింఛను వాళ్ళందరికీ కళ్ళార్పుడు నేర్పించారట. ఉన్నది నూట పన్నెండు మంది. అందులో ఫోను ఒప్పుకున్న నలభై మందిని ఏరి పక్కన పెట్టారట. మిగిలిన వాళ్ళను తలా ఒక దిక్కుకు పంపించారు. కొందరు కోట్‌పల్లి చెరువు చూడడానికి పోయారు, కొందరు కంది చేలల్లో ఉన్నారు, హన్మయ్యనైతే గొర్రెలను తోలుకుని రెండు ఊళ్ళ అవతలికి పొమ్మన్నారు. ఎవరో పాపం ఆడపిల్ల నౌకరీ పోతుందంట, అందుకని తను కూడా మారుమాట్లాడకుండా వచ్చేశానని చెప్పింది చంద్రవ్వ.

నిరోషా సంచిలోంచి ఫోను తీసి, ఒకసారి దీని వంక చూసి కళ్ళార్పవ్వా అంది. చంద్రవ్వ ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను సరిగా మూసుకోదు. ఫోను మూడుసార్లు చూసి, రుజువు కాలేదు అని ఎర్రటి అక్షరాలతో చెప్పేసింది. ఏమన్నదని ముసలమ్మ అడిగితే నిరోషా ఉన్నమాట చెప్పింది.

“బతికున్ననని నేను నా నోటితోని చెప్తుంటె, కాదనెతందుకు అదెవ్వతి?” అంది చంద్రవ్వ.

చాయ్ తాగి వచ్చిన నవీన్‌కుమార్ ఇద్దరినీ ఒక్కచోట చూసి అక్కడే ఆగిపోయాడు. దొంగ దొరికిపోయాడని వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లే మేడం అని ముసలమ్మకు చెప్పే ధైర్యం లేక గమ్మున ఆటో తీశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నిరోషా తండ్రికి జరిగిందంతా చెప్పింది. ఊరివాళ్ళ మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు, వాళ్ళు చేసిందంతా తన కోసమే. సఫలం అని సంతకం పెడితే ఒకటో తారీఖున సుద్దబండలోనే డెబ్బై రెండు మంది చచ్చిపోయిన వాళ్ళ లెక్కలోకి పోతారు. ఇక మండలమంతా ఎందరో. విఫలమంటే తన నౌకరీకి నీళ్ళొదులుకోవాలి. ఇమ్మానుయేలు అంతా విని, బండను మిషనెక్కించే ముందు తాము తిరగేసి పగులు ఉందేమో చూస్తామనీ, పగులు కనబడకుండా తడిపి ఎక్కిస్తే అది మిషన్లోనే రెండు ముక్కలవుతుందనీ అన్నాడు. అంతకు మించి సలహా చెప్పలేదు. ఉద్యోగం నీది, ఆలోచన నీదే అన్నట్టు అన్నానికి లేచాడు.

గురువారం పొద్దున మొదటి ఆటోకే ఆమె మళ్ళీ సుద్దబండలో దిగింది. జంగమ్మ ముఖం వాడిపోయింది. నలభైకి నలభై పాసయ్యారు కదా, ఇంకేం తక్కువైందని నొచ్చుకుంది. నిరోషా పాసయిన వాళ్ళతో తనకు పని లేదనీ, ఫెయిలయిన వాళ్ళు కావాలనీ, ఈ ఫోనులో ఏం బాగాలేదో ఇప్పుడు చెబితేనే దిద్దడానికి వీలుంటుందనీ వివరించింది. మిగిలిన వాళ్ళను కూడా పిలిపించారు. వరండా నిండిపోయింది. ఇక చెప్పండి అంది నిరోషా.

ఒక్కరు తప్పు చెబితే ఒట్టు. అంతా మంచిగనే ఉందన్నారు. ఎండలో అద్దం కనబడదు గానీ తామే సదురుకుంటామన్నారు. పాలిషు పని చేసి చేసి ముఖం మీద మచ్చలు పడ్డ భీమయ్య, ఫోనుది తప్పేం లేదు మేడం, నా ముఖమే బాగలేదు అన్నాడు. ఎవరో వికారాబాదులోనో హైదరాబాదులోనో కూర్చుని చేసిన తప్పును ఈ మనిషి తన ముఖం మీద వేసుకుంటున్నాడు. నిరోషా ఇంకో గంట బతిమాలింది. వాళ్ళు ఇంకా మర్యాదగా నవ్వారు, అంతే.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ చంద్రవ్వ వచ్చింది. నిన్నటి మూట మోసిన పిల్లే మేడం అని తెలిసి ముందు ముక్కున వేలేసుకుంది. తర్వాత సంగతి విని, జనం వైపు, నిరోషా వైపు మార్చి మార్చి చూసింది.

“గిట్లడిగితె ఎవలన్న చెప్తరా పిల్లా? ఇంటికొచ్చినోళ్ళ మొకం మీద బాగలేదంటమా? గిది పెండ్లనుకో. నువ్వు ఆడపెండ్లోళ్ళ పిల్లవు, ఫోను మీ ఇంటి పెండ్లికూతురు. మేమంత మొగపెండ్లోళ్ళం. ఇగ సూడు.”

చంద్రవ్వ సంగతి తెలియని వాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా సుద్దబండ నుంచి ఏ పెళ్ళికొడుకు తరలినా బండిలో మొదటి చోటు ఆమెది. వంకలు పెట్టడం ఆమె ఉద్యోగం. విడిది గుమ్మంలో అడుగు పెట్టగానే నీళ్ళు చల్లగా లేవంటుంది, చాపకు చిరుగుందంటుంది, పప్పులో ఉప్పు ఎక్కువనీ మాటల్లో ఉప్పు తక్కువనీ అంటుంది. ఆడపెళ్ళివారు చేతులు జోడించి అన్నీ సరిచేయాలి. చేస్తే ఆమె ఫక్కున నవ్వి విస్తరి ముందు కూర్చుంటుంది. మగపెళ్ళివారు వంక పెట్టకపోతేనే అవతలి వాళ్ళకు దిగులు, సంబంధం వీళ్ళ మనసుకు రాలేదేమోనని.

చంద్రవ్వ మంచం వేయించుకుని కూర్చుంది. కాళ్ళకు నీళ్ళేవంది. నిరోషా పరుగున చెంబుతో నీళ్ళు తెచ్చింది. చాయ్ ఏదంది. చాయ్ వచ్చింది. చక్కెర తక్కువంది, మళ్ళీ వచ్చింది. వరండాలో కిసకిసలు మొదలయ్యాయి. ఇప్పుడు మీ పిల్లను తీసుకు రమ్మంది చంద్రవ్వ. నిరోషా ఫోనును రెండు చేతులా పట్టుకుని ముందుకు తెచ్చింది. చంద్రవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి, అక్షరాలు చీమల్లాగా ఉన్నాయనీ, ఒంటికన్ను మనుషులంటే దీనికి చులకననీ, పెద్దవాళ్ళను కాదనే ముందు ఒక్కసారైనా క్షమించమనదనీ గడగడా మూడు వంకలు పెట్టేసింది.

అంతే, కట్ట తెగింది. భాగమ్మ కొంగు సవరించుకుంటూ లేచి, ఇది తల మీద కొంగు తీయమంటుంది, ఊళ్ళో బావ వరసయ్యే వాళ్ళు ముందర ఉంటే ఎట్లా తీస్తానని అడిగింది. ఆ బావగారికి ఎనభై ఏళ్ళు, పక్కనే కునుకు తీస్తున్నాడు. గొర్రెలను చెట్టు కింద వదిలి వచ్చిన హన్మయ్య, మేత కోసం తను ఏటా కర్ణాటక వైపు పోతాననీ, అక్కడ ఈ ఫోను మీరు ఈ జిల్లాలో లేరంటుందని నేర్పిన కోడళ్ళే చెప్పారనీ, గొర్రెకు జిల్లా ఏంటని ఎదురడిగాడు. భీమయ్య కూడా ధైర్యం తెచ్చుకున్నాడు. ఫోను తన ముఖంతో పోల్చే పింఛను కార్డు ఫొటో పద్దెనిమిదేళ్ళ కిందటిదనీ, అప్పుడు తనకు మీసం నల్లగా ఉండేదనీ, ముసలోడినయితే ముసలోడి లెక్క కనబడక ఇంకెట్లా కనబడతాననీ అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. పొద్దున తన ముఖాన్ని తిట్టుకున్న మనిషి అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవీన్‌కుమార్ మెట్ల మీద నుంచి లేచి చెవి గోక్కున్నాడు. నిన్న తను అక్కడ కాపలా ఎందుకు కూర్చున్నదీ ఇప్పుడు బయటపెట్టాడు. సొంత ఫోను లేని ముసలివాళ్ళందరికీ అతని నంబరే రాయించారు. వాళ్ళలో ఎవరు కళ్ళార్పినా ఆఖరున కొట్టాల్సిన ఓటీపీ అంకెలు వచ్చేది అతని ఫోనుకే.

“నేను తాండూరుకు బేరం పోతె ఊళ్ళె ఇరవై ఏడు మంది చచ్చిపోయినట్టేనా మేడం? నాకైతె భయమైతున్నది.”

నిరోషా రాస్తూనే ఉంది. ముసలివాళ్ళు వంతులు వేసుకుని మరీ చెప్పారు, కొందరు చెప్పిందే ఇంకాస్త అందంగా మళ్ళీ చెప్పారు. చివరికి జంగమ్మ గొంతు సవరించుకుంది. తనిఖీని చక్కగా దాటించిన మనిషికి వంక పెట్టడం కొత్త, అందుకని మెల్లగా అడిగింది. ఫోను ఒకరిని బతికి లేవన్నదనుకుందాం, అప్పుడు ఆ మనిషి ఎక్కడికి పోవాలి? ఏ మనిషి ముందు నిలబడి నేనున్నానని చెప్పుకోవాలి? ఆ సంగతి ఇందులో ఏ మూలా రాసి లేదే అంది. నిరోషా ఆ మాటను అన్నిటికంటే పైన రాసుకుని కింద రెండు గీతలు గీసింది. లెక్క చూస్తే మొత్తం నలభై మూడయ్యాయి.

శనివారం వికారాబాదులో మీటింగు. నిరోషాతో పాటు జంగమ్మ, చంద్రవ్వ కూడా బస్సెక్కారు. పిలవని పేరంటమని జంగమ్మ సందేహించింది గానీ, మొగపెండ్లోళ్ళు లేకుండా మాటలెట్లా జరుగుతాయని చంద్రవ్వ వినలేదు.

మల్లేశ్వర్ సారు కాగితాలు చదువుతుంటే ముఖం ముడుచుకుంటూ వచ్చింది. బుధవారం సాయంత్రమే ఆయన సఫలమైందని పైకి నోటి మాటగా చెప్పేసి ఉన్నాడు. తొందర మనుషులతో వచ్చే చిక్కే అది. బుధవారం నలభైకి నలభై అన్నావు, శనివారం నలభై మూడు తప్పులంటావు, నేను పైన ఏ ముఖం పెట్టుకోవాలని నిరోషాను అడిగాడు. నిరోషా బుధవారం తనకు చూపించింది తనిఖీ అనీ, గురువారం జరిగిందే రిహార్సల్ అనీ చెప్పింది. ఇన్ని తప్పులు ఒకటో తారీఖు తర్వాత బయటపడితే అప్పుడు ఏ ముఖమూ మిగలదని కూడా అంది. అనేశాక తనకే భయమేసింది.

ఆయన కాగితాలు బల్ల మీద పడేశాడు. అయితే ఈ యాప్ మీకు వద్దంటారు, అంతేనా, ఎత్తేయమని రాసేదా అని ఆడవాళ్ళిద్దరినీ అడిగాడు. జంగమ్మ నిరోషా ముఖం చూసింది. చంద్రవ్వ మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది.

“వద్దని ఎవలన్నరు సారూ? పెండ్లిల పిల్లను మెచ్చుకునేటోళ్ళు మస్తు మంది ఉంటరు, బువ్వ తిని పోతరు. వంకలు వెట్టినోళ్ళే పిల్లను ఇంటికి తీస్కపోతరు.”

మల్లేశ్వర్ సారు పడేసిన కాగితాలను తనే దగ్గరికి లాక్కుని, జంగమ్మ అడిగిన ప్రశ్న దగ్గర వేలు పెట్టి ఆగాడు. రెండోసారి చదివాడు. దీనికి మన దగ్గర జవాబు లేదు కదా అని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. ఫోను తీసి పైవాళ్ళతో మాట్లాడడానికి బయటికి వెళ్ళాడు. గాజు తలుపు అవతల ఆయన చేతులు ఊపుతూ మాట్లాడడం, ఆపడం, మళ్ళీ మాట్లాడడం కనబడుతోంది. నిరోషాకు ఆ పది నిమిషాలు పది నెలలయ్యాయి.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఒకటో తారీఖు రద్దన్నాడు. ఇవన్నీ దిద్దేదాకా మండలంలో కాగితమే నడుస్తుందనీ, దిద్దాక కూడా ఫోను కాదన్న వాళ్ళ కోసం పంచాయతీలో మనిషీ కాగితమూ ఉండి తీరాలనీ పైవాళ్ళు ఒప్పుకున్నారట. అయితే ఈ నలభై మూడింటినీ యాప్ చేసేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి, వాళ్ళు దిద్దింది మళ్ళీ ఊళ్ళకు తెచ్చి చూపించాలి, ఈ తిరుగుడంతా ఎవరు తిరుగుతారని అడిగాడు.

“నడుమ మాట్లాడెటోళ్ళు లేకుంట ఏ పెండ్లయితది సారూ? గా పోరి ఉన్నది గద,” అంది చంద్రవ్వ, ఇందులో ఆలోచించేదేముందన్నట్టు.

ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నిరోషా కాంట్రాక్టు పొడిగింపు కోసం పైకి రాయాల్సిన కాగితం ముందుకు తీసుకున్నాడు. కారణం అన్న చోట ఏం రాయాలా అని కాస్త ఆలోచించి, రిహార్సల్ విఫలమైందని పట్టుకున్నందుకు అని రాశాడు. ఆ తర్వాత రిపోర్టు ఆమె వైపు జరిపాడు.

నిరోషా విఫలం అన్న గడిలో టిక్కు పెట్టి కింద సంతకం చేసింది. పదో తరగతి పాసయినప్పుడు కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.